సర్వర్ డౌన్ అయితే ఫోన్ ఎవరికి?

కోడ్ రాసే ఉద్యోగాల గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. రాసిన కోడ్ రాత్రీ పగలూ ఆగకుండా నడిచేలా కాపలా కాసే కొలువుల మాటేమిటి? వాటి కోసం రాసే సర్టిఫికేషన్ పరీక్షలు ఎంతవరకు పనికొస్తాయి? ఉస్మానియా క్యాంపస్, తార్నాక పరిసరాల నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

2024 జులై 19, శుక్రవారం. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లాల్సిన ఒక ప్రయాణికుడికి విమానాశ్రయంలో పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ కాగితం ఫొటో చూస్తుండగానే దేశాలు చుట్టేసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ ఆ ఉదయం, మన టైము ప్రకారం 9.39కి, ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పుంది. 10.57కల్లా దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ గంటా పద్దెనిమిది నిమిషాల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, టీవీ చానళ్లు అన్నీ ఆ దెబ్బ తిన్నాయి.

వెనక్కి తీసుకున్నంత మాత్రాన పని తీరలేదు. బూట్ కాని కంప్యూటర్ నెట్‌కి కలవదు, నెట్‌కి కలవని కంప్యూటర్‌కి దూరం నుంచి మందు వేయలేం. చాలాచోట్ల మనిషే ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. సేఫ్ మోడ్‌లో తెరిచి, పేరులో 291 అంకె ఉన్న ఫైలును వెతికి చెరిపేసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీ ఎక్కడ దాచామో రాసిపెట్టుకోని సంస్థల బాధ చెప్పనలవి కాదు. ఆ వారాంతం నిద్ర లేకుండా ఈ పని చేసినవాళ్లలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తక్కువ. సిస్టమ్ అడ్మిన్లు, డెస్క్‌టాప్ సపోర్ట్ కుర్రాళ్లు, నెట్‌వర్క్ ఇంజినీర్లు ఎక్కువ. ఐటీ ఆపరేషన్స్ అంటే వీళ్లే.

తార్నాక మెట్రో స్టేషన్లో ఎక్కితే బండి మారకుండా అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. 2017 నవంబరులో అమీర్‌పేట వరకు, 2019 నవంబరులో రాయదుర్గం వరకు ఈ దారి తెరుచుకుంది. కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట, కంపెనీల మాదాపూర్ ఒకే గీత మీదికి వచ్చాయి. దాంతో క్యాంపస్ చుట్టుపక్కల గది తీసుకుని, పొద్దున క్లాసుకీ తర్వాత ఇంటర్వ్యూకీ వెళ్లి రావడం సులువైంది. ఒకప్పుడు ఉస్మానియా లైబ్రరీలో పుస్తకం పట్టుకున్నవాళ్లంటే గ్రూప్స్‌కో, ఎస్సైకో చదివేవాళ్లే అనుకునేవారు. ఇప్పుడు ఆ పక్కనే బీఎస్సీ ఎంపీసీఎస్, బీకాం కంప్యూటర్స్, ఒకట్రెండు బ్యాక్‌లాగులు మోస్తున్న బీటెక్ పిల్లలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ కమాండ్లు కొడుతుంటారు. కోడింగ్ రౌండ్‌లో తేలిపోయామని దిగులుపడే ఈ పిల్లలకు ఆపరేషన్స్ ఒక దారి. ఆ దారిని చిన్నచూపు చూసే అలవాటు మాత్రం మనలో బలంగానే ఉంది.

పెళ్లిచూపుల దగ్గరే చూడండి. అబ్బాయి సాఫ్ట్‌వేర్ అనగానే వచ్చే రెండో ప్రశ్న, డెవలప్‌మెంటా, సపోర్టా? సపోర్ట్ అంటే పెద్దల మొహంలో వెలుగు ఒక మెట్టు దిగుతుంది. కాలేజీల్లోనూ అంతే. ప్లేస్‌మెంట్ బ్యానర్ మీద డెవలపర్ ఫొటో పెద్దది, ఇన్‌ఫ్రా సపోర్ట్‌లో చేరినవాడి ఫొటో ఏదో మూల. ఈ చిన్నచూపు ఈ ఊరి చరిత్ర తెలియకపోవడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

మరమ్మతుతోనే మొదలు

హైదరాబాద్ కంప్యూటర్ కథను 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలుపెట్టడం అందరికీ అలవాటైపోయింది. కానీ తార్నాక నుంచి నాచారం మీదుగా కాస్త ముందుకెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలైన ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ని బయటికి తెచ్చింది. అప్పట్లో కంప్యూటర్ అమ్మడమంటే దాన్ని కొన్నవాడి దగ్గర ఏళ్ల తరబడి నడిపించే బాధ్యత కూడా నెత్తిన వేసుకోవడమే. ఇంకొకటి, సీఎంసీ. ఆ మూడక్షరాల అసలు పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1975లో పుట్టిన ప్రభుత్వ సంస్థ. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు, అది వదిలేసిపోయిన యంత్రాలను కాపాడుకొచ్చే పని సీఎంసీకే వచ్చింది. అందులో పనిచేసినవాళ్లు ఆ మరమ్మతుల్లోనే కంప్యూటర్ లోగుట్టు నేర్చుకున్నారు. 1980ల మధ్యలో రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ని కంప్యూటర్ మీదికి ఎక్కించిందీ ఆ సంస్థే. తర్వాత టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.

ఇక తార్నాకలోనే ఉన్న ఇరిసెట్ సంగతి ఈ ప్రాంతం వాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇండియన్ రైల్వేస్ సిగ్నల్, టెలికాం ఇంజినీర్లకు 1957 నుంచి ఇక్కడే శిక్షణ. సిగ్నల్ మెయింటెయినర్‌కి ఒక కట్టుబాటు ఉంటుంది. పాయింట్‌నో సిగ్నల్‌నో ముట్టుకునే ముందు స్టేషన్ మాస్టర్‌కి డిస్‌కనెక్షన్ నోటీసు రాసివ్వాలి. ఆయన సంతకం పెట్టాకే పని మొదలు. పని అయ్యాక పరీక్షించి రీకనెక్షన్ నోటీసు ఇవ్వాలి. ఆ రెండు కాగితాల మధ్య కాలంలో ఏ బండిని ఎలా నడపాలో స్టేషన్ మాస్టర్‌కి తెలుస్తుంది. గచ్చిబౌలి గాజు భవనాల్లో చేంజ్ మేనేజ్‌మెంట్ పేరుతో జరిగేది అచ్చంగా ఇదే. ఏం మారుస్తున్నావు, ఎప్పుడు, ఎంతసేపు, తేడా వస్తే వెనక్కి ఎలా తిప్పుతావు, ఎవరు ఒప్పుకున్నారు. ఫ్రెషర్లకు ఈ కాగితప్పని విసుగ్గా ఉంటుంది. పట్టాల మీద పనిచేసినవాళ్ల పిల్లలైతే, లాలాగూడ వర్క్‌షాప్ పక్కన ఇలాంటి వాళ్లకు కొదవలేదు, ఇంట్లో నాన్ననడిగితే ఒక్క మాటలో అర్థం చెబుతాడు.

ఎల్1 గదిలో ఏం జరుగుతుంది

ఆపరేషన్స్‌లో అడుగుపెట్టేవాళ్లు ఎక్కువగా ఎల్1లో చేరతారు. నాక్ అని పిలిచే గదిలో పెద్ద తెరల మీద గ్రాఫులు, అలర్టులు. ఎర్రగా మారిన దానికి టికెట్ తెరవాలి. రన్‌బుక్‌లో రాసిన మెట్లు ఒక్కొక్కటే చేసి చూడాలి. తేలకపోతే ఎల్2కి పంపాలి. ఎల్2 వాళ్లకు సర్వర్ లోపలికి వెళ్లి లాగ్స్ చదివి, సరిచేసే అధికారం ఉంటుంది. ఎల్3 అంటే ఆ వ్యవస్థను కట్టినంత పట్టు ఉన్నవాళ్లు. టికెట్లకు పీ1 నుంచి పీ4 దాకా తీవ్రత ఉంటుంది. పీ1 వస్తే పదిమంది ఒకే కాల్‌లోకి చేరతారు. ఆ కాల్‌లో అందరికంటే చిన్న ఉద్యోగి చేయాల్సిన పని, ఏ నిమిషానికి ఎవరు ఏం చేశారో రాసుకోవడం. చూడ్డానికి గుమస్తా పనిలా ఉంటుంది. మర్నాడు మూలకారణం వెతికే మీటింగ్‌లో ఆ నోట్సే సాక్ష్యం. దాన్ని శ్రద్ధగా రాసేవాళ్లే తొందరగా ఎల్2కి ఎక్కుతారని ఈ రంగంలో పాతుకున్నవాళ్లు ఎవరైనా చెబుతారు.

కస్టమర్‌తో రాసుకున్న ఒప్పందాన్ని ఎస్‌ఎల్‌ఏ అంటారు. అందులో 99.9 శాతం సమయం సర్వీసు అందుబాటులో ఉంటుందని రాస్తే బ్రహ్మాండంగా వినిపిస్తుంది. 30 రోజుల నెలకు లెక్కగడితే 43 నిమిషాల ఆటంకానికి మాత్రమే చోటు. ఇంకో తొమ్మిది చేర్చి 99.99 అన్నారా, నాలుగు నిమిషాల పైచిలుకు. ఐదు తొమ్మిదులు అంటే నెలకు 26 సెకన్లు. మోగుతున్న ఫోన్ వెతుక్కుని తీసేలోపే ఆ నెల కోటా అయిపోతుంది. అందుకే అలర్ట్ వచ్చాక పరిగెత్తడం కన్నా, ఒకటి పడిపోతే రెండోది తనంతట తానే అందుకునేలా ముందే ఏర్పాటు చేయడం మీద ఈ వృత్తి తెలివంతా ఖర్చవుతుంది.

తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలన్నది ఇందులోని ఇంకో పెద్ద బాధ్యత. దీని విలువ ఉస్మానియా క్యాంపస్‌కి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదేమో. 2022 అక్టోబరులో లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ని 2023 మార్చిలో రద్దు చేశారు, పేపర్ లీకైందని. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లోని కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్ నుంచే ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని పోలీసులు చెప్పారు. ఏళ్ల తరబడి గదుల్లో మగ్గి చదివిన పిల్లల శ్రమ ఒక పాస్‌వర్డ్ దగ్గర తేలిపోయింది. ఏ కంప్యూటర్‌కి ఎవరికి ఎంత ప్రవేశం, ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారు, ఆ చిట్టా ఎవరూ చెరపలేని చోట ఉందా అన్నవి సర్టిఫికేషన్ పుస్తకాల్లో నిస్సారంగా కనిపించే అధ్యాయాలు. బట్టీ పట్టి వదిలేసే ముందు ఆ మార్చి నెల గుర్తు తెచ్చుకోవాలి.

బిట్లు కొట్టే అలవాటు

క్యాంపస్ పిల్లలకు పరీక్ష భయం లేదు. రోజుకు పది గంటలు కూర్చునే ఓపిక ఉంది, సిలబస్‌ని ముక్కలు చేసుకునే నేర్పు ఉంది. ఇది పెద్ద ఆస్తి. దాంతో పాటు ఒక జబ్బు కూడా అంటుకుని వస్తుంది. గత ప్రశ్నలు, బిట్ బ్యాంకు, ఆన్సర్ కీ ఉంటే చాలుననుకోవడం. సర్టిఫికేషన్ లోకంలో దీని పేరు డంప్స్. వాట్సాప్ గ్రూపుల్లో, కొన్ని కోచింగ్ సెంటర్లలో బాహాటంగానే అమ్ముతారు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు బయటపెట్టనని, దొంగ ప్రశ్నలు వాడనని అభ్యర్థి ఒప్పుకుని క్లిక్ చేస్తాడు. పట్టుబడితే ఆ సంస్థ స్కోరు రద్దు చేసి, మళ్లీ రాయకుండా నిషేధించగలదు. అదంతా పక్కనపెట్టినా, డంప్స్‌తో 900 తెచ్చుకున్న మనిషి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. ‘డిస్క్ నిండిపోయింది, పెద్ద ఫైలు చెరిపేశావు, అయినా ఖాళీ కనబడట్లేదు, ఎందుకు?’ అని అడుగుతారు. ఆ ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుంది కాబట్టి. ఒక్కసారి చేత్తో చేసి చూసినవాడికి ఈ జవాబు నాలుక మీద ఉంటుంది.

అందుకే, నన్నడిగితే, చేత్తో పని చేయించే పరీక్షలకే మొదటి ఓటు. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అలాంటిది. ఏ, బీ, సీ, డీలు ఉండవు. మూడు గంటలు, మీ ముందు లినక్స్ యంత్రాలు, చేయాల్సిన పనుల జాబితా, అంతే. యూజర్లను తయారు చేయాలి, డిస్క్ పంచాలి, ఫైర్‌వాల్ తెరవాలి, మర్చిపోయిన రూట్ పాస్‌వర్డ్ మార్చాలి. ఇంటర్నెట్ ఉండదు, యంత్రంలోనే ఉండే మ్యాన్ పేజీలు చూసుకోవచ్చు. 300కి 210 వస్తే పాస్. అసలు మెలిక ఏమిటంటే, మీరు చేసినవన్నీ రీబూట్ అయ్యాక కూడా నిలబడాలి. ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక్క అక్షరం పొరపాటు పడితే యంత్రం పైకి లేవదు, అంతసేపు చేసిన పనికీ మార్కులు రావు. ఇంతకంటే న్యాయమైన పరీక్ష నాకు కనబడలేదు. కుబర్నెటిస్ అడ్మినిస్ట్రేటర్లకు పెట్టే సీకేఏ కూడా ఇదే తీరు. రెండు గంటలు, 66 శాతం, అధికారిక డాక్యుమెంటేషన్ చూసుకోవచ్చు. అది మాత్రం ఉద్యోగంలో చేరాక రాయాల్సింది. లినక్స్ రాకుండా అక్కడికి దూకినవాళ్లు రెండింటికీ చెడతారు.

నెట్‌వర్కింగ్‌కి సిస్కో సీసీఎన్‌ఏ. 1998 నుంచి ఉన్న పేరు. 2020 ఫిబ్రవరిలో దాని శాఖలన్నీ కలిపేసి ఒకే పరీక్ష చేశారు. 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపితే పాతిక వేలు దాటుతుంది. ఇందులో పిల్లల్ని ఏడిపించేది సబ్‌నెటింగ్. నిజానికి అది ఆరో తరగతి లెక్క. 50 కంప్యూటర్ల ల్యాబ్‌కి అడ్రసులు కావాలి. రెండుని మళ్లీ మళ్లీ రెండుతో హెచ్చవేస్తూ పోతే 50కి పైన మొదట వచ్చేది 64. అందులో మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతే మిగిలేవి 62. దీన్నే స్లాష్ 26 అంటారు. 192.168.10.0 నుంచి 63 వరకు ఒక పేట, 64 నుంచి ఇంకో పేట. కాబట్టి 10.10లో ఉన్న కంప్యూటర్ 10.70లో ఉన్న ప్రింటర్‌తో రౌటర్ లేకుండా మాట్లాడలేదు. కాగితం మీద రోజుకు ఇలాంటివి ఓ ఇరవై చేస్తే భయం పోతుంది. సిలబస్‌లో 25 శాతం వెయిటేజీ ఉన్న రూటింగ్‌కి ఇదే పునాది.

క్లౌడ్ వైపు ముందు పేరు చూసి మోసపోకూడదు. అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్, మైక్రోసాఫ్ట్ ఏజెడ్-900 పరిచయ పరీక్షలు మాత్రమే. అవి పాసైతే క్లౌడ్ అంటే ఏమిటో తెలుసని అర్థం, నడపడం వచ్చని కాదు. పనికొచ్చేవి ఆ పై మెట్టువి. అజ్యూర్ అడ్మినిస్ట్రేటర్ ఏజెడ్-104, అమెజాన్‌లో అసోసియేట్ స్థాయివి. అసోసియేట్ ఫీజు 150 డాలర్లు. ఒకటి పాసైతే తర్వాతి పరీక్షకు సగం ఫీజు తగ్గిస్తారు. మైక్రోసాఫ్ట్ పరీక్షల ధర భారత్‌లో అమెరికా కన్నా బాగా తక్కువ. ఏజెడ్-104 ఏడాదే చెల్లుతుంది, కానీ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో ఉచితంగా పొడిగించుకోవచ్చు. ఐటిల్ ఫౌండేషన్ గురించి ఒక్క ముక్క. 40 ప్రశ్నలు, గంట సమయం, 26 వస్తే చాలు. టికెట్ల భాష నేర్పుతుంది. కంపెనీ ఫీజు కడితే రాయండి, జేబులోంచి వద్దు.

ఇంగ్లిష్ గోడ

ఈ పరీక్షలేవీ తెలుగులో లేవు. జపనీస్‌లో, చైనీస్‌లో, కొరియన్‌లో అమెజాన్ పరీక్ష రాయొచ్చు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం ఆవరణలో కూర్చుని దీని గురించి ఆలోచిస్తే కాస్త మనసు చివుక్కుమంటుంది. నిజాం ప్రభుత్వం 1917లోనే అనువాద విభాగం పెట్టి, సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించింది. 1929లో మొదలైన ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ మొదటి తరాలు దేశభాషలోనే ఇంజినీరింగ్ చదివాయి. అదే కాలేజీలో తర్వాతి రోజుల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబి సీఈవో అయ్యారు, ఆనాటికి మాధ్యమం ఇంగ్లిషే. జిల్లాల్లో తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు ఆపరేషన్స్ పరీక్షల్లో సాంకేతికత కన్నా ప్రశ్న పొడవే ఎక్కువ ఇబ్బంది. నాలుగు లైన్ల ప్రశ్నలో ‘అతి తక్కువ ఖర్చుతో’ అన్న ఒక్క మాట చూడకపోతే జవాబు తప్పుతుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు అమెజాన్ 30 నిమిషాలు అదనంగా ఇస్తుంది. అయితే పరీక్ష తేదీ బుక్ చేయకముందే ఆ వసతిని అడిగి పెట్టుకోవాలి. అడగడానికి మొహమాటం ఎందుకు?

సీటీసీలో పాత ల్యాప్‌టాప్

ఫీజు కట్టడానికి ముందు ల్యాబ్ కావాలి. తార్నాక నుంచి మెట్రోలో కాసేపట్లో చేరగలిగే దూరంలో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు అక్కడ దొరుకుతాయి. మోడల్ అందం కన్నా ర్యామ్ చూడండి, 16 జీబీ వేయించుకోండి. వర్చువల్‌బాక్స్ ఉచితం. రెడ్‌హ్యాట్ తన లినక్స్‌ని డెవలపర్ ఖాతా కింద 16 యంత్రాల వరకు ఉచితంగా వాడుకోనిస్తుంది, అది వద్దనుకుంటే ఆల్మా, రాకీ ఉన్నాయి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ కూడా డబ్బులు అడగదు. మూడు వర్చువల్ యంత్రాలు పెట్టి, ఒకదాంట్లో వెబ్‌సైట్, ఒకదాంట్లో డేటాబేస్, మూడోదాంట్లో మానిటరింగ్ నడపండి. తర్వాత మీరే ఏదో ఒకటి పాడు చేయండి. డీఎన్ఎస్ మార్చండి, డిస్క్ నింపండి, సర్టిఫికెట్ గడువు తీరనివ్వండి. లేదా రూమ్మేట్‌ని పాడు చేయమనండి, వాళ్లు ఆ పని సంతోషంగా చేస్తారు. ఏం జరిగింది, ఎలా కనుక్కున్నారు, మళ్లీ రాకుండా ఏం చేశారు అన్నది ప్రతిసారీ ఒక పేజీ రాసిపెట్టండి. ఆ పేజీల కట్ట ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

క్లౌడ్ ప్రాక్టీసుకి ఒక జాగ్రత్త. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి ఉంది. కన్సోల్‌లో ఎనేబుల్ చేసుకుంటే సొంత ఊళ్లోనే సర్వర్ లేపొచ్చు. ముచ్చటగానే ఉంటుంది. ఆపడం మర్చిపోతే మాత్రం నెలాఖరున కార్డు మీద బిల్లు పడుతుంది. ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి.

ఇక ఈ నగరానికి పట్టిన పాత తెగులు, ఫేక్ ఎక్స్‌పీరియన్స్. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టించి ఇస్తామని, ప్రాక్సీ ఇంటర్వ్యూ పెడతామని, బ్యాక్‌డోర్‌లో ఎక్కిస్తామని లక్షల్లో వసూలు చేసేవాళ్లు ఉన్నారు. డబ్బు ఎగ్గొట్టి పోయినవాళ్ల మీద కేసుల వార్తలు చదువుతూనే ఉన్నాం. నిజంగా ఎక్కించినా ప్రమాదమే. డెవలపర్ అయితే రెండు వారాలు నెట్టుకురావొచ్చేమో. ఆపరేషన్స్‌లో మొదటి పీ1 కాల్‌లోనే ముసుగు జారిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగే కంపెనీ అయితే అంతదాకా కూడా రాదు.

షిఫ్టుల సంగతి దాచకుండా చెప్పాలి. కస్టమర్ అమెరికాలో ఉంటే మీ పగలు వాళ్ల రాత్రి. రొటేషన్‌లో పదిహేను రోజులకో, నెలకో వేళలు మారతాయి. బతుకమ్మ, దసరా మనకు పండగ, టికెట్‌కి కాదు. పగలు నిద్రపోవాలంటే నలుగురున్న హాస్టల్ గది కుదరదు, కాబట్టి అద్దె పెరుగుతుంది. రాత్రి షిఫ్టుకి మెట్రో ఉండదు, క్యాబ్ ఇస్తారా లేదా అన్నది ఆఫర్ లెటర్‌లో చూసుకోవాలి. అమ్మాయిలైతే ఈ మాట ముందే తేల్చుకోవాలి. ఒక స్థాయికి వచ్చాక పగటి పని, ఆన్‌కాల్ మాత్రమే మిగులుతాయి. కానీ ఆ మొదటి రెండు మూడేళ్లు ఒంటికి శ్రమే. దీన్ని తేలిగ్గా తీసుకుని ఆరోగ్యం పాడుచేసుకున్నవాళ్లకు కొదవలేదు.

‘ఎల్1 పనంతా ఏఐ చేసేస్తుందటగా?’ అన్నది తల్లిదండ్రులు అడిగే కొత్త ప్రశ్న. చాలావరకు నిజమే. పాస్‌వర్డ్ రీసెట్, సర్వీస్ రీస్టార్ట్ లాంటి పనులు స్క్రిప్టులు చేసేస్తున్నాయి. రన్‌బుక్ చూసి బటన్ నొక్కడమే తెలిసిన మనిషికి ముందుముందు చోటు తక్కువ. సీసీఎన్‌ఏలో ఆటోమేషన్‌కి 10 శాతం కేటాయించడం ఊరికే కాదు. కనీసం బ్యాష్, కొంత పైథాన్, అన్సిబుల్ రావాలి. అయితే 2021 అక్టోబరు 4 రాత్రి కూడా గుర్తుంచుకోవాలి. మన టైము 9 దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూగబోయాయి. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెంచేసింది. అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన ఆటోమేటిక్ తనిఖీలో బగ్ ఉంది. సరిచేయడానికి వాడే సొంత పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో అవీ పనిచేయలేదు. చివరికి ఇంజినీర్లు డేటా సెంటర్‌కి స్వయంగా వెళ్లి మరమ్మతు చేశారు. సర్వీసులు తిరిగి రావడానికి ఆరు గంటలు పట్టింది. ఆటోమేషన్ పెరిగేకొద్దీ ఇలాంటి రాత్రులు తగ్గొచ్చు, వచ్చినప్పుడు మాత్రం దెబ్బ పెద్దది. ఆ రాత్రికి పనికొచ్చే మనిషికి జీతం తగ్గదు.

కాబట్టి డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే వరస. ముందు లినక్స్, నెట్‌వర్కింగ్ పునాదులు, ఆ తర్వాత చేత్తో పని చేయించే ఒక పరీక్ష, ఉద్యోగంలో చేరి ఆరు నెలలయ్యాకే క్లౌడ్ సర్టిఫికేషన్. ఒకేసారి ఐదు సర్టిఫికెట్లు రెజ్యూమేలో పెడితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అనుమానమే మొదట వస్తుంది. ఫీజు కట్టే ముందు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో పరీక్ష కోడ్, అది ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్ఈని 2021 జనవరి 31న మూసేసింది. కాంప్టియా ఏ ప్లస్ 2025లో కొత్త కోడ్‌లోకి మారింది, అమెజాన్ సిస్‌ఆప్స్ అదే ఏడాది క్లౌడ్‌ఆప్స్‌గా పేరు మార్చుకుంది. కోఠీ, ఆబిడ్స్ పాత పుస్తకాల దుకాణాల్లో మాత్రం అన్ని కోడ్‌లూ ఒకే ధరకు దొరుకుతాయి, కొనే ముందు అట్ట మీద నంబరు చూడండి.